సముద్రగర్భ యాత్రకు ముందు వేయవలసిన లెక్క

కామారెడ్డి నుండి ఏ దిక్కునకు పోయినను సముద్రము వందల కిలోమీటర్ల దూరమున నున్నది. ఈ జిల్లా విద్యార్థులకు పెద్ద జలాశయమన్నచో మంజీరానదిపై 1923–1931 సంవత్సరముల నడుమ నిర్మింపబడిన నిజాంసాగరమే. అయినను, సముద్రపు అడుగున మనుష్యుని ప్రాణమును కాపాడు సూత్రమును తెలిసికొనుటకు సముద్రమే అక్కరలేదు. పది మీటర్ల నీరున్న మోటబావి చాలును. నీటిపై మనలను నొక్కుచున్నది ఒక వాతావరణ పీడనము. పది మీటర్ల అడుగున అది ఇంచుమించు రెండగును. ఇరువది మీటర్లకు మూడు, ముప్పది మీటర్లకు నాలుగు. మునుగువాని కష్టములన్నియు ఈ చిన్న ఎక్కము నుండియే పుట్టినవి.

అండమాను దీవులలో నేడు శ్వాసపరికరములతో సముద్రములో మునుగు యాత్రలు ప్రసిద్ధి పొందినవి. వానిలో కొన్నిటిని లివ్‌అబోర్డు యాత్రలందురు. అనగా యాత్రికులు కొన్ని దినములు పడవపైననే నివసించుచు, దినమునకు మూడు నాలుగు మారులు నీట మునుగుదురు. 2024లో శ్రీ విజయపురమని పేరు మార్పబడిన పోర్టు బ్లెయిరునకు సుమారు 140 కిలోమీటర్ల దూరమున బారెన్ ద్వీపమున్నది. మన దేశమున క్రియాశీలముగా నున్న అగ్నిపర్వతమిదియే. అచ్చట ఊరు లేదు, వైద్యుడు లేడు. అట్టి చోటికి పోవువాడు ఎంత లోతు, ఎంత సేపు, రెండు మునకల నడుమ ఎంత విశ్రాంతి, తిరిగి విమానమెక్కుట ఎప్పుడు అను నాలుగు ప్రశ్నలకు బయలుదేరక పూర్వమే జవాబు వ్రాసికొనవలెను. ఈ జవాబుల వెనుక నూట యేబది యేండ్ల చరిత్ర యున్నది. ఆ చరిత్రలోని ఒక ముఖ్యపాత్ర కథ మన కాకినాడలో ముగిసినది.

పందొమ్మిదవ శతాబ్దమున నదులపై వంతెనలు కట్టునపుడు, అడుగు తెరచియున్న పెద్ద పెట్టెలను నదిలో దింపి, వానిలోనికి గాలిని గట్టిగా కొట్టి, లోపల కూలీలచే పునాదులు త్రవ్వించెడివారు. అమెరికాలో సెయింట్ లూయీ వంతెన పనిలో 1870లో పలువురు కూలీలు పైకి వచ్చిన పిమ్మట కీళ్ళనొప్పులతో మెలికలు తిరిగిరి, కొందరు మరణించిరి. న్యూయార్కులోని బ్రూక్లిన్ వంతెన ముఖ్య ఇంజనీరు వాషింగ్టన్ రోబ్లింగును 1872లో ఈ వ్యాధియే మంచము పట్టించినది. నొప్పిచే మనిషి వంగిపోవుటను బట్టి దీనికి 'బెండ్స్' అను పేరు వచ్చినది.

కారణమును 1878లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాల్ బేర్ వెల్లడించెను. పీడనము హెచ్చినప్పుడు గాలిలోని నత్రజని రక్తములోను, కణజాలములలోను అధికముగా కరగును. మనిషి తటాలున పైకి వచ్చినచో అది బుడగలుగా వెలువడును. సోడాబుడ్డి మూత తీసినప్పుడు పొంగు వచ్చుట మన మెరుగుదుము. ఆ పొంగే రక్తనాళములలో పుట్టినచో ఏమగునో ఊహింపవచ్చును.

మెల్లగా పైకి రావలెనని బేర్ చెప్పెను. ఎంత మెల్లగా? దీనికి లెక్క కట్టినవాడు బ్రిటిషు శరీరధర్మ శాస్త్రజ్ఞుడు జాన్ స్కాట్ హాల్డేన్. లండనులోని లిస్టర్ సంస్థలో ఉక్కు గదిలో మేకలనుంచి ఆయన పరీక్షలు చేసెను. పీడనమును సగమునకు తగ్గించుట వలన ప్రమాదము కలుగలేదని గ్రహించెను. కావున నాలుగు వాతావరణముల పీడనము గల ముప్పది మీటర్ల లోతు నుండి రెండు వాతావరణముల పీడనము గల పది మీటర్ల లోతునకు త్వరగా రావచ్చును. ఆపైన ఆగి ఆగి రావలెను. శరీరమును ఐదు విధములైన కణజాలములుగా భావించి, అవి నత్రజనితో సగము నిండుటకు 5, 10, 20, 40, 75 నిమిషములు పట్టునని ఆయన లెక్కించెను. 1906లో స్కాట్లండు తీరమున ఈ లెక్కను సముద్రములోనే పరీక్షించిరి. నౌకాదళాధికారి డామంట్ 64 మీటర్ల లోతునకు పోయి క్షేమముగా తిరిగి వచ్చెను. 1908లో ఆ పట్టికలు ప్రకటింపబడెను. వీనిలో కొన్ని అంకెలను తరువాతివారు సవరించిరి; పద్ధతి మాత్రము నిలిచియున్నది.

ఆ పరీక్షల సమయమున హాల్డేన్ తన పదమూడేండ్ల కుమారుని గూడ నీటిలో దింపెను. పెద్దవారికి కుట్టిన దుస్తు బాలునికి వదులై, లోనికి నీరు వచ్చెను. అయినను అతడు క్షేమముగా పైకి వచ్చెను. ఆ బాలుడే తరువాత జన్యుశాస్త్రమున ప్రఖ్యాతుడైన జె. బి. ఎస్. హాల్డేన్. 1939 జూన్‌లో థెటిస్ అను జలాంతర్గామి మునిగి 99 మంది మరణించిరి. ఆ దుర్ఘటనను విచారించుటకు పూనుకొన్న హాల్డేన్, మేకలకు బదులు తననే పీడన గదిలో బంధించుకొని పరీక్షలు చేసికొనెను. తరువాత ఆయన భార్యయైన హెలెన్ స్పర్వే గూడ ఈ పరీక్షలలో పాల్గొనెను. మిక్కిలి పీడనమున ప్రాణవాయువైన ఆమ్లజనియే విషమై మూర్ఛ కలిగించునని వారు స్వానుభవమున చూచిరి. అట్టి మూర్ఛ యొకటి హాల్డేన్ వెన్నెముకను దెబ్బతీసినది.

1943లో ఫ్రాన్సులో కూస్తో, గాన్యాన్ అనువారు మునుగువానికి కావలసినంత గాలిని, కావలసిన పీడనముతో అందించు పరికరమును నిర్మించిరి. అంతటితో సముద్రగర్భము సామాన్యులకును తెరచుకొన్నది. ఆస్ట్రియా దేశస్థుడు హాన్స్ హాస్ 1957–58లో 'జారిఫా' నౌకపై నివసించుచు మాల్దీవులలోను, మన నికోబారు దీవులలోను మునిగి పరిశోధించెను. నేటి లివ్‌అబోర్డు యాత్రలకు ఇట్టివే పూర్వరూపములు.

ఇక బారెన్ ద్వీప యాత్రికుని లెక్కను చూతము. 12 లీటర్ల సిలిండరులో 200 వాతావరణముల పీడనమున గాలి నింపినచో అది 2400 లీటర్ల గాలి. అందు 50 వాతావరణములు, అనగా 600 లీటర్లు, ఆపదకై మిగిల్చవలెను. నీటిపై నిమిషమునకు 20 లీటర్లు పీల్చువానికి ముప్పది మీటర్ల అడుగున 80 లీటర్లు కావలెను. మిగిలిన 1800 లీటర్లు ఇరువది రెండున్నర నిమిషములు మాత్రమే వచ్చును. అందులోనే పైకి వచ్చు సమయమును గూడ చేర్చవలెను. ఊపిరి బిగబట్టి పైకి రాకూడదు. ఇరువది మీటర్ల అడుగున 6 లీటర్లున్న గాలి పైన 18 లీటర్లగును, ఊపిరితిత్తులు చినుగును.

రెండవ మునక సంగతి: 75 నిమిషముల కణజాలములో రెండున్నర గంటల విశ్రాంతి తరువాత గూడ అదనపు నత్రజనిలో నాలుగవ వంతు మిగిలియుండును. కాబట్టి దినమునకు నాలుగు మునకలు వేయువానికి సాయంత్రపు మునక ఉదయపు మునక వంటిది కాదు. నత్రజనిని తగ్గించుటకు నూటికి 32 పాళ్ళు ఆమ్లజని గల నైట్రాక్స్ మిశ్రమమును పీల్తురు. ఆమ్లజని పీడనము 1.4 వాతావరణములను మించరాదను నియమము వలన ఆ మిశ్రమముతో సుమారు 34 మీటర్లను దాటరాదు. పీడనమున ఆమ్లజని విషమగునని చూపిన పరీక్షల ఫలమే ఈ నియమము.

చివరగా విమానము. దాని లోపలి పీడనము ముప్పాతిక వాతావరణము వరకు తగ్గును. శరీరమునకు ఇది మరికొంత పైకి వచ్చుటతో సమానము. కావున పలు దినములు మునిగినవారు కనీసము 18 గంటలు ఆగవలెను. పలువురు పూర్తి దినము ఆగుదురు. ఓడపై విశాఖపట్టణము చేరువారికి ఈ చిక్కు లేదు. పడవలో ఆమ్లజని సిలిండరున్నదా, పీడన గది గల ఆసుపత్రి ఎంత దూరము అను ప్రశ్నలను మాత్రము ఎవరైనను అడుగవలసినదే.

జె. బి. ఎస్. హాల్డేన్ 1957లో భారతదేశమునకు వచ్చి, తరువాత ఈ దేశపు పౌరుడై, 1964 డిసెంబరు 1న భువనేశ్వరమున మరణించెను. ఆయన కోరిక ప్రకారము ఆయన దేహము కాకినాడలోని రంగరాయ వైద్యకళాశాలకు ఇయ్యబడెను. బ్రతికియున్నంత కాలము పరీక్షలకు ఒప్పగించిన శరీరమును మరణానంతరము తెలుగు విద్యార్థుల పాఠమునకు ఇచ్చెను. హెలెన్ స్పర్వే 1978లో హైదరాబాదున కన్నుమూసెను. ఆయన శిష్యులలో పిఠాపురపు ద్రోణంరాజు కృష్ణ గురువు జీవితచరిత్రను వ్రాసెను.

ఉపాధ్యాయులు ఈ పాఠమును బావి యొద్దనే బోధింపవచ్చును. చుట్టును గోడ గల లోతైన బావిలోనికి, సన్నని గాజు గొట్టమును ఒక కొన మూసి, మూతి క్రిందికి వచ్చునట్లు బరువు కట్టి, కొలత గల త్రాటితో దింపవలెను. లోపలి గోడకు ముందుగా పసుపు పూసినచో నీరెంతవరకు ఎక్కినదో తడి గుర్తు చూపును. పది మీటర్ల నీటిలో అది ఇంచుమించు సగము వరకు ఎక్కును. ఇరువది మీటర్లలో ఎంత ఎక్కునో విద్యార్థులే లెక్కించి చెప్పుదురు గాక.