చీటిగుడ్డ

పల్చటి నూలుబట్టపై పూలు, తీగలు, చుక్కలు అచ్చువేసిన గుడ్డను తెలుగులో చీటిగుడ్డ అంటారు. ఖమ్మం నుంచి భద్రాచలం దాకా అడవి అంచున జరిగే వారపు సంతల్లో పిల్లల గౌన్లకూ లంగాలకూ రవికెలకూ మీటర్ల లెక్కన తెగేది ఈ జాతి గుడ్డే. కాగితపు ముక్క అనే అర్థంలోని చీటితో దీనికి చుట్టరికం లేదు. ఆ చీటి హిందీ చిఠ్ఠీకి దగ్గరిది కాగా, గుడ్డ చీటి చిలకరింపు, చుక్క అనే అర్థాలున్న ఛీంట్‌కు సంబంధించినది. ఇంగ్లీషు చింట్జ్ సైతం ఆ మాటకే బహువచనంగా పుట్టి, క్రమంగా ఏకవచనంగా స్థిరపడింది.

17వ శతాబ్దంలో మచిలీపట్నం రేవు నుంచి ఓడలెక్కిన ఈ గుడ్డల గిరాకీకి బెదిరి, ఫ్రాన్సు 1686లో వాటిని నిషేధించగా, ఇంగ్లండు 1721 నాటి చట్టంతో వాడకాన్నే కట్టడి చేసింది.

ఆ ఖ్యాతికి మూలమైన అద్దకంలో, అంటే అచ్చులతో గుడ్డకు రంగు పట్టించే పనిలో, భద్రాచలం అడవుల్లో కోయలు ఏరే కరక్కాయకు పెద్దపీట ఉంది. కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో గుడ్డను నానబెట్టి ఆరబెడితే, కాయలోని వగరు రంగును పోగుకు పట్టించగా, పాలలోని కొవ్వు అది గీత దాటి పాకకుండా ఆపుతుంది. తరువాత బెల్లంనీటిలో తుప్పు ఇనుము ఊరవేసిన కసిమితో నలుపు, పటిక అద్ది ఎర్రరంగు నీటిలో ఉడికిస్తే ఎరుపు తేలుతాయి. బట్టల చరిత్రలు రేవును కీర్తించినంతగా ఈ అడవిని తలచుకోకపోవడం అన్యాయం. నేటి సంత గుడ్డ మిల్లు యంత్రాలపై రసాయన రంగులతో తయారవుతున్నందున, దానికి కరక్కాయతో పనిలేదు.