జ్ఞానము, వేదన

గోదావరి పాపికొండలను దాటి మైదానమున ప్రవేశించుచోట పోలవరమున్నది. ఈ పేరుగల సంస్థానమునకు ప్రభువైన కొచ్చెర్లకోట రామచంద్ర వెంకటకృష్ణారావుగారు ‘సరస్వతి’ అను సాహిత్యపత్రికను నడపిరి. తిరుపతి వేంకటకవులలో ఒకరైన దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు వారి ఆస్థానమున నుండిరి. ఎడ్విన్ ఆర్నాల్డు 1879లో ప్రకటించిన ‘లైట్ ఆఫ్ ఏషియా’ కావ్యము ఆ ప్రభువు ప్రోత్సాహముననే ‘బుద్ధచరిత్రము’గా తెలుగున అవతరించినది.

అట్టి గ్రంథమును తెనిగించుట మాటకు మాట పెట్టుట కాదు. ఇంగ్లీషున మనోవ్యాపారములను చెప్పు పదములు పెక్కు లాటినునుండి వచ్చినవి. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించినపిదప ఫ్రెంచి వెంట కొన్ని, పండితుల కలములవెంట మరికొన్ని చేరినవి. ‘స్కీరె’ అనగా ఎఱుగుట, దానినుండి సైన్సు. దాని ముందు ‘కూడ’ అను అర్థముగల ‘కొన్’ చేరగా కాన్షెన్సు. మనము మనస్సాక్షి అందుము. సాక్షి యనగా కన్నులార చూచినవాడు. లాటినువారు కలసి యెఱుగుట యన్నచోట మనవారు చూచుట యనిరి! ‘సెంతీరె’ అనగా అనుభూతి పొందుట; సెంటిమెంటు, కన్సెంటు దాని సంతానమే. న్యాయాధిపతి విధించు ‘సెంటెన్సు’ సైతము మొదట అభిప్రాయమను అర్థముగలదే.

సంస్కృతపు ‘జ్ఞా’, లాటిను ‘గ్నోస్కెరె’, ఇంగ్లీషువారి సొంతమాట ‘నో’ తోబుట్టువులు. ఈ భాషల చుట్టరికమును 1786లో కలకత్తాలో విలియం జోన్సు ప్రసంగించి చాటెను. జ్ఞానమును ‘గ్నానము’ అని పలుకు మనవారు తెలియకయే లాటినునకు దగ్గరగుచున్నారు. ‘విద్’ ధాతువు కథ మరింత చిత్రమైనది. ఎఱుకను చెప్పు వేదము దానినుండియే పుట్టినది, వేదనయు దానినుండియే. బౌద్ధుల పంచస్కంధములలో వేదన యొకటి. సుఖము, దుఃఖము, రెండును కానిది, మూడును అందులోనివే. తెలుగున నేడది దుఃఖమునకే పరిమితమైనది. బుద్ధుని కథ చెప్పువారు ఈ మాటను ఏమరుపాటున వాడినచో బోధయే మారిపోవును.

తెలుగు వేరు కుటుంబమని 1816లో ఎల్లిసు దొర నిరూపించెను. మన ‘తెలియు’ సంస్కృతమునకు ఋణపడినది కాదు. తెలుపు, తెల్లవారుట దాని బంధువులు. ఎఱుక యనగా వెలుతురన్నమాట. మరియొక విశేషము: ‘నేనెఱుగుదును’ అన్నపుడు ఎఱుగువాడే కర్త. ‘నాకు తెలియును’ అన్నపుడో, తెలిసిన విషయమే కర్త. మనిషి దాని రాకకై వాకిట నిలిచినవాడు. ఆకలియు, భయమును, సంతోషమును మనకట్లే కలుగును.