తెరమీది తెలుగు – పేటెంటు అనుమతులు: స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్‌ల చరిత్రలో ఒక పార్శ్వం

వ్యాససంగ్రహం: కంప్యూటరులో తెలుగు చరిత్రను ఖతుల చరిత్రగానో, అనువాదకుల కృషి చరిత్రగానో చెప్పుకోవడం పరిపాటి. తెలుగు వాడుకరికి ఏది అందింది, ఏది అందలేదు అన్నదాన్ని పేటెంటు అనుమతులు, హార్డ్‌వేర్ డ్రైవర్ల లభ్యత కూడా నిర్ణయించాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్, పేటెంటు, సెక్షన్ 3(కె), డ్రైవర్, ఖతి, లినక్స్.

1. ప్రవేశిక

2005లో హైదరాబాదు కేంద్రంగా ‘స్వేచ్ఛ’ అనే తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ వెలువడింది. అదే ఏడాది భారత పార్లమెంటు సాఫ్ట్‌వేర్ పేటెంట్ల విషయంలో ఒక కీలక నిర్ణయం తీసుకుంది. ఈ రెండింటికీ ప్రత్యక్ష సంబంధం లేదు. అయినా మొదటిదాని తర్వాతి చరిత్ర అర్థం కావాలంటే రెండోదాన్ని కూడా పరిశీలించాలి.

2. కాపీహక్కు – పేటెంటు

మార్కాపురం పలక మీద ఏ భాషలో ఏమి రాయాలన్నా పలక చేసినవారి అనుమతి అక్కరలేదు. కంప్యూటరు విషయం వేరు. కాపీహక్కు ప్రోగ్రాము పాఠాన్ని మాత్రమే కాపాడుతుంది. అదే పనికి మరొకరు సొంతంగా వేరే పాఠం రాసుకోవచ్చు. పేటెంటు పద్ధతినే కాపాడుతుంది కాబట్టి, సొంతంగా రాసిన పాఠానికి కూడా అనుమతి కావాలి. సాధారణ వ్యాపారసంస్థ ప్రతికి ఇంత అని రుసుము చెల్లించి ఆ అనుమతి పొందగలదు. ఎవరైనా నకలు చేసి పంచుకోగల సాఫ్ట్‌వేర్‌కు ప్రతుల లెక్కే ఉండదు. పైగా, రుసుము లేకుండా అందరికీ పంచే వీలును పేటెంటు అనుమతి ఇవ్వకపోతే ఆ ప్రోగ్రామును అసలు పంపిణీ చేయరాదని 1991 నాటి జీపీఎల్ రెండవ రూపం నిర్దేశించింది.

3. 2005 నాటి నిర్ణయం

భారత పేటెంట్ల చట్టానికి (1970) 2002లో చేసిన సవరణ సెక్షన్ 3(కె)ని చేర్చింది. కేవలం కంప్యూటర్ ప్రోగ్రాము అయినదానికి పేటెంటు లేదని దాని సారాంశం. 2004 డిసెంబరులో వచ్చిన ఆర్డినెన్సు ఈ నిషేధాన్ని సడలించి, పరిశ్రమలో సాంకేతికంగా వినియోగపడే ప్రోగ్రాములకు, హార్డ్‌వేర్‌తో కలిసిన ప్రోగ్రాములకు మినహాయింపు ఇచ్చింది. డ్రైవర్ అంటేనే హార్డ్‌వేర్‌తో కలిసి పనిచేసే ప్రోగ్రాము. ఆ మినహాయింపు నిలిచి ఉంటే డ్రైవర్లపై పేటెంట్లకు దారి సుగమమయ్యేది. వామపక్షాల వ్యతిరేకత నేపథ్యంలో 2005 మార్చిలో పార్లమెంటు ఆ మార్పును వదిలివేసి, 2002 నాటి పాఠాన్నే నిలిపింది. చర్చ అంతటితో ముగియలేదు. కొత్త హార్డ్‌వేర్ కూడా ఉండాలని 2016లో పేటెంటు కార్యాలయం మార్గదర్శకాల్లో పెట్టిన నియమం 2017 సవరణలో తొలగిపోయింది.

4. సరిహద్దు దాటిన ప్రభావం

అమెరికా పేటెంటుకు భారతదేశంలో చట్టబలం లేదు. అయినా దాని ప్రభావం ఇక్కడికి చేరింది. లినక్స్ తెరమీద అక్షరాలను చిత్రించే ‘ఫ్రీటైప్’ ఇందుకు ఉదాహరణ. చిన్న పరిమాణంలో అక్షరాల గీతలు చెదరకుండా ఎలా సర్దుకోవాలో చెప్పే సూచనలు ట్రూటైప్ ఖతిలోనే ఉంటాయి. ఆ సూచనలను అమలుచేసే పద్ధతులపై యాపిల్ సంస్థకు పేటెంట్లు ఉండడం వల్ల ఫ్రీటైప్ ఆ భాగాన్ని అప్రమేయంగా నిలిపివేసి ఉంచింది. ఖతికర్త తెలుగు గుడులకు, ఒత్తులకు ఎంత శ్రద్ధగా సూచనలు రాసినా ఆ అమరికలో అవి నిరుపయోగమే. 2010 మే నాటికి పేటెంట్ల గడువు తీరింది. ఆ జులైలో వచ్చిన 2.4 రూపంలో ఆ భాగం అందరికీ అందుబాటులోకి వచ్చింది. ఎంపీ3 పాటల కథా ఇటువంటిదే. 2002లో రెడ్‌హ్యాట్ తన 8.0 రూపం నుంచి ఎంపీ3ని తొలగించింది. దాని వారసత్వంగా వచ్చిన ఫెడోరాలో ఎంపీ3 వినే సదుపాయం 2016లో గాని చేరలేదు.

చట్టానికి దేశపు ఎల్లలున్నాయి గాని, ఒకచోట కూర్చి ప్రపంచమంతటికీ పంపే సాఫ్ట్‌వేర్‌కు లేవు. అందువల్ల అన్నిటికంటే కఠినమైన చట్టమున్న దేశపు పరిమితే అందరికీ పరిమితి అయింది.

5. ఫైలు పేరు – పెన్‌డ్రైవ్

రాచర్ల నుంచి గిద్దలూరుకో, మార్కాపురానికో పెన్‌డ్రైవ్‌లో తన వ్యాసం తీసుకువెళ్ళే పరిశోధకుణ్ణి ఊహిద్దాం. ఫైలు పేరు ‘శ్రీనాథుని చాటువులు’. పెన్‌డ్రైవ్‌లలో విస్తృతంగా వాడే ఫ్యాట్ పద్ధతిలో ఎనిమిది, మూడు అక్షరాల పొట్టి పేరులో తెలుగు లిపికి చోటు లేదు. తెలుగు పేరు పొడవు పేర్ల విభాగంలోనే ఇముడుతుంది. పొడవు పేర్ల నిర్వహణపై మైక్రోసాఫ్ట్‌కు అమెరికాలో పేటెంట్లు ఉండేవి. 2009 ఫిబ్రవరిలో ఆ సంస్థ టామ్‌టామ్‌పై వేసిన దావాలో అవీ ఉన్నాయి. మార్చి చివర రాజీ కుదిరింది. ఆ తర్వాత ఆండ్రూ ట్రిడ్జెల్ ప్రతిపాదించిన లినక్స్ సవరణ తొలిరూపం పొట్టి పేరులో ఇమడని పేర్లను సృష్టించే వీలునే తీసివేసేది. ఆ అమరికలో తెలుగు పేరు పెట్టడమే అసాధ్యం. ఆయన తర్వాతి రూపంలో పొడవు పేరు మాత్రమే రాసే ఉపాయం చూపారు. ఈ సవరణలు ప్రధాన కెర్నల్‌లో చేరలేదు. కానీ ఆంగ్లేతర లిపుల మనుగడ ఒక పేటెంటు వివాదంపై ఎలా ఆధారపడగలదో ఇవి తెలియజేస్తాయి.

పెద్ద మెమరీ కార్డుల ఎక్స్‌ఫ్యాట్ పద్ధతికి 2019 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ వివరణపత్రాన్ని ప్రచురించి, లినక్స్‌లో చేర్చడానికి సమ్మతించింది. ఆ నవంబరులోనే లినక్స్ 5.4లో ఆ డ్రైవర్ చేరింది.

6. పేటెంటు లేనిచోట మౌనం

డ్రైవర్ల కొరతకు పేటెంటు ఒక్కటే కారణం కాదు. పరికరం పనితీరును తయారీదారు వెల్లడించకపోవడం మరో కారణం. డయలప్ కాలంలో చవక మోడెములు తమ పనిలో అధికభాగాన్ని విండోస్ ప్రోగ్రాముకు అప్పగించేవి. వాటిలో చాలావాటికి లినక్స్ డ్రైవర్ దొరికేది కాదు. మెనూలన్నీ తెలుగులో ఉన్నా అలాంటి యంత్రం అంతర్జాలానికి చేరలేదు. వైర్‌లెస్ పరికరాల తయారీదారు బ్రాడ్‌కామ్ 2010లోనే తన బహిరంగ డ్రైవర్‌ను విడుదల చేసింది.

7. ముగింపు

పై ఉదాహరణల్లో ఆలస్యానికి కారణం తెలుగు కృషి లోపం కాదు. ఖతి సిద్ధంగా ఉన్నా అమలుకు అనుమతి లేదు. అనువాదం సిద్ధంగా ఉన్నా పరికరానికి డ్రైవర్ లేదు. అడ్డంకి తొలగిన తీరు కూడా ప్రతిచోటా ఒకటి కాదు. భారతదేశంలో పార్లమెంటు నిర్ణయం పనిచేస్తే, ఖతుల విషయంలో గడువు తీరడం, ఎక్స్‌ఫ్యాట్ విషయంలో యజమాని సమ్మతి పనిచేశాయి. వీటిలో పౌరుల చేతిలో ఉన్నది మొదటిది మాత్రమే. కనుక తెలుగు భాషా సాంకేతికత చరిత్రను రాసేవారు ఖతుల విడుదల తేదీలతోపాటు పేటెంట్ల గడువులను, డ్రైవర్ల విడుదలలను, చట్ట సవరణలను కూడా ఒకే కాలపట్టికలో చేర్చి పరిశీలించాలి.