వెనక్కి వచ్చే దారి

మడి కట్టుకున్న ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ భాషల్లో ఒకసారి కట్టిన డేటాను దిద్దకూడదు. మార్పు కావాలంటే కొత్త ప్రతి తయారు చేసుకోవాల్సిందే. చిన్న జాబితాకైతే ఇబ్బంది లేదు. కంపెనీ రికార్డులో శాఖ, శాఖలో ఉద్యోగి, ఉద్యోగిలో చిరునామా, దాని అడుగున పిన్‌కోడ్. ఆ ఒక్క అంకె మారడానికి కంపెనీ అంతా మళ్లీ కట్టాలా?

1958లో మొదలైన లిస్ప్‌కు ఈ బెంగ లేదు. ఉన్న కణాన్నే చెరిపి రాసే ఆజ్ఞలు అందులో ఉన్నాయి. మడి పట్టింపు గట్టిగా ఉన్న హాస్కెల్ లాంటి భాషల దగ్గరే చిక్కు. దానికి తొలి జవాబు, దారిని మాత్రమే కాపీ చేయడం. రెండేసి కొమ్మలతో 20 మెట్లు దిగే నిండు చెట్టుకు పది లక్షలకు పైగా ఆకులుంటాయి. ఒక ఆకు మారిస్తే వేరు నుంచి దాని దాకా 21 కణుపులే కొత్తగా పుడతాయి. తక్కినదంతా పాత చెట్టూ కొత్త చెట్టూ పంచుకుంటాయి. క్రిస్ ఒకాసాకి 1998 నాటి పుస్తకంతో ఈ పద్ధతులు ప్రోగ్రామర్ల చేతికొచ్చాయి.

కానీ ఒకేచోట పదేపదే దిద్దేవాడు ప్రతిసారీ వేరు నుంచి ఎందుకు దిగిరావాలి? ఫ్రాన్స్‌లోని ఇన్రియా పరిశోధకుడు జెరార్ హ్యుయే 1997లో ఆరు పేజీల వ్యాసంలో దీనికి 'జిప్పర్' చూపించాడు. కొమ్మలోకి దిగేటప్పుడు ఎడమ తోబుట్టువులు, కుడి తోబుట్టువులు, పై దారి, ఈ మూడూ మూటగట్టి వెంట తెచ్చుకోవాలి. పైకెక్కేటప్పుడు ఆ మూట విప్పి కుట్టుకుంటూ పోవాలి. సంచి జిప్పు తెరిచి మూసినట్టే, పేరు కూడా అక్కడిదే. ఎడమవాళ్లను తిరగేసి దాచడమే కిటుకు. దానివల్ల పక్కకు జరగడం ఒక్క అడుగు పని.

2001లో కోనర్ మెక్‌బ్రైడ్ ఇందులో కలన గణితాన్ని చూశాడు. మూడు గళ్ల రికార్డును ఎక్స్ ఘనం అనుకోండి. ఒక గడి ఖాళీ చేస్తే, ఏది ఖాళీ అన్నదానికి మూడు అవకాశాలు, మిగిలినవి రెండు గళ్లు: మూడు ఎక్స్ వర్గం. ఇంటర్మీడియట్‌లో బట్టీపట్టిన అవకలనమే! నాకు ఇప్పటికీ ఇది నమ్మబుద్ధి కాదు.

హ్యుయే తర్వాత సంస్కృతం వైపు మళ్లాడు. పదకోశాన్ని చెట్టుగా పేర్చి సంధులు విడదీసే పనికి ఆయన రాసిన 'జెన్' లైబ్రరీలోనూ జిప్పర్లున్నాయి. సంస్కృత కంప్యూటేషనల్ లింగ్విస్టిక్స్ మూడో సదస్సు 2009 జనవరిలో హైదరాబాద్‌లో జరిగినప్పుడు, హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి చెందిన అంబా కులకర్ణితో కలిసి ఆ వ్యాసాల సంపుటికి సంపాదకత్వం వహించాడు.

లోతున ఉన్న భాగాన్ని చూసి మార్చడానికి ఇంకో సాధనం లెన్సు. దాని పుట్టుక వేరు. డేటాబేస్‌లో ఒక దృశ్యాన్ని మారిస్తే మూలం ఎలా మారాలన్న పాత చిక్కుకు 2005లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం నుంచి బెంజమిన్ పియర్స్ బృందం ఆ పేరుతో సమాధానమిచ్చింది. చూసిందే తిరిగి పెడితే ఏదీ మారకూడదు, పెట్టిందే మళ్లీ కనబడాలి. ఇవీ షరతులు. 2009లో ట్వాన్ వాన్ లార్‌హోవెన్ లెన్సును ఒకే ఫంక్షన్‌గా రాసి చూపడంతో 'శాఖ', 'ఉద్యోగి', 'చిరునామా' దారులను మామూలు ఫంక్షన్లలా అతికించుకోవడం కుదిరింది. ఎడ్వర్డ్ క్మెట్ 2012 లైబ్రరీ దీన్ని ఊరంతా చేసింది. అందులోని ఆపరేటర్లు మాత్రం ముగ్గు చుక్కల్లా ఉంటాయి, వేసినవాళ్లకే అర్థం.

జావాస్క్రిప్ట్‌వాళ్లకు ఇవేవీ అక్కర్లేకపోయాయి. 'ఇమ్మర్' లైబ్రరీలో చిత్తుప్రతిని చెరిపి రాస్తున్నట్టే కోడ్ రాస్తారు, లిస్ప్ నాటి అలవాటులాగే. అసలు ప్రతి చెక్కుచెదరదు, లోపల కాపీ అయ్యేది మళ్లీ ఆ దారే.