సున్నపు గీతకు ఆవల

పోలింగ్ రోజు సంగారెడ్డి జిల్లాలో ఏ సర్కారు బడిలోకి వెళ్లినా వరుసలు రెండే కనిపిస్తాయి. ఒకటి మగవాళ్లది, ఒకటి ఆడవాళ్లది. ముసలివాళ్లను, దివ్యాంగులను ముందుకు పంపుతారు. లోపల ఒకరు జాబితాలో పేరు చూస్తారు, ఒకరు వేలికి సిరా పూస్తారు, ఒకరు మీట నొక్కుతారు. మీది ఏ పార్టీ అని అడిగే అధికారి మాత్రం ఆ గదిలో ఎవరూ ఉండరు. చట్టం ఎవరికీ ఆ హక్కు ఇవ్వలేదు.

టెక్సస్‌లో ఫ్రిస్కో, ప్లేనో వైపు స్థిరపడి పౌరసత్వం తీసుకున్న తెలుగువాళ్లకు ఆ ప్రశ్న కొత్త కాదు. నవంబరులో జరిగే అసలు ఎన్నికకు ముందు అక్కడ మార్చిలో, పార్టీ అభ్యర్థిని ఓటర్లే ఎంచుకునే ప్రైమరీ ఉంటుంది. పోలింగ్ కేంద్రంలో నిలబడి రిపబ్లికన్ కావాలో డెమోక్రాట్ కావాలో చెబితేనే ఆ పార్టీ బ్యాలెట్ చేతికొస్తుంది. మరికొన్ని రాష్ట్రాల్లో ఓటరు నమోదులోనే పార్టీ పేరు రాసుకోవాలి, లేకపోతే ప్రైమరీలో ఓటుండదు. అభ్యర్థిని పార్టీ పెద్దలు గది తలుపులు మూసుకుని తేల్చడం పోవాలని 1903లో విస్కాన్సిన్ రాష్ట్రం చట్టం చేసింది. ఆ దారిలోనే మిగతా రాష్ట్రాలు నడిచాయి. ప్రైమరీ చరిత్రలో మచ్చలూ ఉన్నాయి. డెమోక్రాటిక్ ప్రైమరీలోకి నల్లవారిని రానివ్వని టెక్సస్ పద్ధతిని అమెరికా సుప్రీంకోర్టు 1944లో గానీ కొట్టేయలేదు. 2020 మార్చిలో హ్యూస్టన్‌లో రెండు పార్టీలూ ఉమ్మడిగా ప్రైమరీ జరపడానికి రిపబ్లికన్ పార్టీ ఒప్పుకోలేదు. అందువల్ల ఒకే కేంద్రంలో యంత్రాలను చెరిసగం పంచారు. డెమోక్రాట్ల వరుస కొన్నిచోట్ల గంటల తరబడి కదల్లేదు. రిపబ్లికన్ యంత్రాలు అదే గదిలో ఖాళీగా ఉన్నాయి.

మనకు ప్రైమరీ లేదు. ఆ పని చేసేది, ఫలానావారే మా అభ్యర్థి అని పార్టీ రాసిచ్చే బి-ఫారం. పటాన్‌చెరు టికెట్ ఎవరికన్నది హైదరాబాదు పార్టీ ఆఫీసుల్లోనో ఢిల్లీలోనో తేలుతుంది. నామినేషన్ల చివరి రోజు మధ్యాహ్నం మూడు గంటలలోపు ఆ కాగితం రిటర్నింగ్ అధికారికి చేరాలి. 2014లో కాంగ్రెస్ దేశంలో కొద్ది లోక్‌సభ స్థానాల్లో లోపలి ఎన్నిక పెట్టి చూసింది. అందులోనూ ఓటు పార్టీ పదవుల్లో ఉన్నవారికే, వీధిలోని మనిషికి కాదు. అది అక్కడితోనే ఆగింది. సంగారెడ్డిలోనో సదాశివపేటలోనో ఓటరు అభ్యర్థిని చూసేసరికి పార్టీ తన పని ముగించుకుని ఉంటుంది.

అయినా పార్టీల వారీగా ఓటర్లను విడదీసే పని మన పోలింగ్ కేంద్రాల చరిత్రలో లేకపోలేదు. 1952లో అది గది లోపలే, తెర వెనకే జరిగింది. స్వతంత్ర భారతంలో తొలి సాధారణ ఎన్నికలను ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ నడిపించారు. ఓటర్లలో చదువురానివాళ్లే ఎక్కువ కాబట్టి అభ్యర్థికో పెట్టె పెట్టారు. పెట్టె మీద ఆ అభ్యర్థి గుర్తు అంటించి ఉండేది. ఓటరు కాగితం మీద ఏమీ రాయనక్కర్లేదు, ముద్ర కొట్టనక్కర్లేదు. తెర వెనక్కి వెళ్లి తనకు కావలసిన గుర్తున్న పెట్టెలో వేసి రావడమే. కాడి మోసే జోడెద్దులది ఒక పెట్టె, మర్రిచెట్టుది ఒక పెట్టె. అందుకోసం బొంబాయి విఖ్రోళిలోని గోద్రెజ్ ఫ్యాక్టరీ లక్షల సంఖ్యలో ఇనప పెట్టెలు చేసింది.

అప్పటి హైదరాబాద్ రాష్ట్రంలో ఆ ఎన్నికకు ఇంకో బరువుంది. సాయుధ పోరాటం అప్పుడప్పుడే ముగిసింది, కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉంది. అందుకని ఆ పక్షం వాళ్లు పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ పేరుతో నిలబడ్డారు. నల్లగొండలో రావి నారాయణరెడ్డికి నెహ్రూకన్నా ఎక్కువ ఓట్లొచ్చిన సంగతి అందరూ చెప్పుకుంటారు. మెదక్ లోక్‌సభ స్థానం కూడా ఆ ఫ్రంటుకే పోయింది. గెలిచింది సరోజినీ నాయుడు కొడుకు డాక్టర్ జయసూర్య. పార్టీ పేరు చెప్పుకోవడానికి భయపడాల్సిన రోజులవి. అలాంటప్పుడు తెర వెనక ఆ పెట్టెల వరుస ఎంత ధైర్యం ఇచ్చి ఉంటుందో ఊహించవచ్చు.

లోపం కూడా ఆ తెర వెనకే ఉంది. కాగితం మీద ఏ గుర్తూ లేదు కాబట్టి దాన్ని పెట్టెలో వేయకుండా జేబులో పెట్టుకుని బయటికి వచ్చేయవచ్చు. బయట కొనేవాడు కాచుకుని ఉంటాడు. అలా పోగుచేసిన కాగితాలన్నీ చివరికి ఒక్క మనిషి చేత ఒకే పెట్టెలో వేయించవచ్చు. అభ్యర్థులు పెరిగితే పెట్టెలూ పెరగాలి, వాటికి గది చాలాలి, బండి చాలాలి. 1957లోనూ ఇదే పద్ధతి నడిచింది. 1960-61లో కేరళ, ఒరిస్సా మధ్యంతర ఎన్నికల్లో పేర్లు, గుర్తులు అన్నీ ఒకే కాగితం మీద అచ్చువేసి ముద్ర కొట్టించే విధానం పెట్టారు. 1962 సాధారణ ఎన్నికల నాటికి అది దేశమంతా వచ్చింది. పెట్టె ఒకటే అయింది. ఆ తర్వాత గది లోపల పార్టీకి ఒక కుర్చీ మాత్రం మిగిలింది, అది పోలింగ్ ఏజెంటుది.

ఆ కుర్చీల వరుసకూ ఒక క్రమం ఉంది, చాలామంది గమనించరు. ముందు గుర్తింపు పొందిన జాతీయ పార్టీల ఏజెంట్లు, తర్వాత రాష్ట్ర పార్టీలవాళ్లు, వాళ్ల వెనక నమోదైనా గుర్తింపు లేని పార్టీలవాళ్లు, చివర స్వతంత్రులవాళ్లు కూర్చోవాలి. 1996 నుంచి బ్యాలెట్ మీద పేర్ల వరుసకూ దాదాపు ఇదే సూత్రం. చిత్రమేమంటే బ్యాలెట్ మీద పార్టీ పేరు అచ్చులో ఎక్కడా ఉండదు. అభ్యర్థి పేరు, గుర్తు, ఇప్పుడు ఫొటో, అంతే. ఏజెంటు ముందు ఓటర్ల జాబితా ఉంటుంది. వచ్చినవాళ్ల పేరు పక్కన గీత కొడతాడు. దొంగ ఓటని అనుమానం వస్తే రెండు రూపాయలు కట్టి అభ్యంతరం చెప్పవచ్చు. 1961 నియమావళిలో పెట్టిన ఆ రెండు రూపాయలు ఇంకా రెండు రూపాయలే.

పార్టీ అసలు కొలువు మాత్రం గది బయట తీరింది. పోలింగ్ కేంద్రానికి నూరు మీటర్లలోపు ప్రచారం చేయకూడదని 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం చెబుతుంది. రోడ్డు మీద సున్నంతో గీసేది ఆ హద్దే. పార్టీల బల్లలను ఎన్నికల సంఘం ఇంకా వెనక్కి, రెండు వందల మీటర్లకు నెట్టింది. ఒక బల్ల, రెండు కుర్చీలు, పైన చిన్న నీడ, అంతకు మించకూడదంది. ఆ బల్ల దగ్గర జరిగేది చీటీల పని. పేరు, వరుస సంఖ్య, బూత్ నంబరు వెతికి రాసిస్తారు. ఆ చీటీ తెల్ల కాగితమే కావాలి, దాని మీద అభ్యర్థి పేరూ పార్టీ గుర్తూ ఉండకూడదు. ఉండవు కూడా. కానీ ఏ బల్ల దగ్గర ఆగాడన్నది ఊరంతా చూస్తుంది.

పారిశ్రామిక వాడల్లో ఈ బల్లకు విలువ ఎక్కువ. 1960ల్లో రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్ వచ్చింది. 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ మొదలైంది. ఆ తర్వాత పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం వాడలు లేచాయి.    మూడు తరాలుగా ఒకే ఇంట్లో ఉన్న ఊరివాడికి తన బూత్ ఏదో చెప్పనక్కర్లేదు. ఏడాదికో కిరాయి గది మారే కార్మికుడికి చెప్పాలి. నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చిన మనిషికి ఆ చీటీ నిజంగా సేవే. దాన్ని నేను తప్పుపట్టను. అయితే బల్ల వెనక కూర్చున్నవాడి జాబితాలో ప్రతి పేరుకూ ఒక లెక్క ఉంటుంది: మనవాడు, వాళ్లవాడు, చెప్పలేం. మధ్యాహ్నం దాటాక ఇంకా రాని ‘మనవాళ్ల’ కోసం కబురు వెళుతుంది. ఆటో పంపితే మాత్రం అది చట్టం దృష్టిలో అవినీతి పద్ధతి, ఎన్నికే రద్దు కావచ్చు. అమెరికాలో ప్రభుత్వ దస్త్రంలో ఉండే పార్టీ పేరు ఇక్కడ కార్యకర్త జేబులోని జిరాక్స్ కాగితాల్లో ఉంది.

బల్ల చేసే పనిని ప్రభుత్వం మెల్లగా తన చేతిలోకి తీసుకుంది. బూత్ స్థాయి అధికారులు ఇంటింటికీ ఫొటో ఉన్న ఓటరు చీటీలు పంచడం మొదలైంది. దాన్నొక్కదాన్నే గుర్తింపుగా చూపితే చెల్లదని 2019లో చెప్పారు. 2021లో ఫొటో తీసేసి సమాచార చీటీగా మార్చారు. ఇంతా చేసి 2025 మేలో ఎన్నికల సంఘం అభ్యర్థుల బల్లలను రెండు వందల మీటర్ల నుంచి మళ్లీ నూరు మీటర్ల అంచుకు రానిచ్చింది. ఇళ్లకు అధికారిక చీటీలు వెళుతుంటే బల్లలను దగ్గరికి పిలవడం నాకు వింతగానే ఉంది. చీటీ తెచ్చుకోని ఓటరు కోసమే ఈ సడలింపు అన్నది సంఘం మాట.

ఈలోగా యంత్రం ఇంకో తలుపు తెరిచింది. కాగితాల రోజుల్లో లెక్కింపుకు ముందు అనేక బూత్‌ల బ్యాలెట్లను ఒకచోట కలిపే ఏర్పాటు ఉండేది. 2004లో దేశమంతా ఓటింగ్ యంత్రాలు వచ్చాక ఒక్కో బూత్‌లో ఎవరికెన్ని పడ్డాయో ఫారం 20లో అచ్చయి అందరికీ దొరుకుతోంది. ఒక్కడి ఓటు తెలియదు, ఒక గల్లీ ఓటు తెలుస్తుంది. వెయ్యిమంది ఓటర్లున్న బస్తీ ఎటు వేసిందో తెలిశాక అక్కడ మోరీ పని ఆగినా, నల్లా రాకపోయినా కారణం వెతుక్కోవడం కష్టం కాదు. పద్నాలుగు యంత్రాల లెక్కను కలిపి చూపే టోటలైజర్ పెడదామని ఎన్నికల సంఘం 2008లోనే అడిగింది. 2015లో లా కమిషన్ అవునంది. కేంద్ర ప్రభుత్వం ఒప్పుకోలేదు. పార్టీ అడగని గదిని కాపాడాలంటే ముందు చేయాల్సిన పని అదేనని నా అభిప్రాయం.

సర్పంచ్ ఎన్నికల సంగతి వేరు. అక్కడ పార్టీ గుర్తులే ఉండవు. 2025 డిసెంబరులో మూడు విడతల్లో తెలంగాణ పల్లెలు బ్యాలెట్ కాగితం మీద ఓటేశాయి. మర్నాడు పత్రికలన్నీ ఫలితాలను ‘ఫలానా పార్టీ బలపరిచినవారు’ అంటూ పార్టీల కిందే కూడాయి.

పారిశ్రామిక వాడలో అమెరికా ప్రైమరీకి దగ్గరి పోలిక కావాలంటే ఫ్యాక్టరీ గేటు దగ్గర వెతకాలి. ఏ యూనియన్‌కు యాజమాన్యంతో మాట్లాడే హక్కు ఇవ్వాలో తేల్చడానికి రెండు దారులున్నాయి. చెక్-ఆఫ్‌లో కార్మికుడు ఫలానా యూనియన్ చందా నా జీతంలోంచి కోసుకోండని సంతకం పెట్టి ఇస్తాడు. అంటే తన పక్షం పేరు యాజమాన్యం చేతిలోనే పెడతాడు. రెండోది రహస్య బ్యాలెట్. భారత ఆహార సంస్థ ఉద్యోగుల కేసులో 1995లో సుప్రీంకోర్టు ఆ బ్యాలెట్‌కు పద్ధతి చెప్పింది. సింగరేణి 1998 నుంచి అలాగే గుర్తింపు సంఘాన్ని ఎన్నుకుంటోంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం మస్టర్ రోల్‌లోని కార్మికుల్లో 51 శాతం మద్దతున్న యూనియనే చర్చలు జరుపుతుంది. ఎవరికీ అంత లేకపోతే కనీసం 20 శాతం ఉన్నవాళ్లతో మండలి కడతారు.

మస్టర్ రోల్ అనగానే ఒక చిక్కు ఎదురవుతుంది. పాశమైలారంలో, బొల్లారంలో చెమటోడ్చేవాళ్లలో ఒడిశా, బీహార్, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చినవాళ్లు ఎందరో కాంట్రాక్టరు పుస్తకంలో ఉంటారు, వాళ్ల ఓటు సొంతూళ్లో ఉంటుంది. పోలింగ్ రోజు జీతంతో సెలవివ్వాలని చట్టం చెబుతుంది. ఒక రోజు సెలవుతో ఒడిశాలోని బాలాంగీర్ వెళ్లి రాలేరు. పార్టీ బల్లల మీది జాబితాల్లో వాళ్ల పేర్లుండవు కాబట్టి ఎన్నికల రోజు వాళ్లను ఏ బల్లా పిలవదు. అలాంటివాళ్ల కోసమే ఎన్నికల సంఘం 72 నియోజకవర్గాల దాకా ఒకే బూత్‌లో ఓటు తీసుకోగల యంత్రాన్ని తయారుచేయించి, 2023 జనవరి 16న పార్టీలను పిలిచి చూపించబోయింది. ప్రతిపక్షాలు ఒప్పుకోలేదు. సంఘం తన పత్రంలో తానే రాసుకున్న చిక్కుల్లో ఒకటి, అంత దూరపు బూత్‌లో అన్ని నియోజకవర్గాల అభ్యర్థుల పోలింగ్ ఏజెంట్లను ఎలా కూర్చోబెట్టాలన్నది.