కాకతీయుల చిత్రశాలలు – పిల్లలమఱ్ఱి భిత్తిచిత్రము

కాకతీయుల కాలమున ఆంధ్రదేశమందు చిత్రకళ మిక్కిలి వ్యాప్తి నొందియుండెననుటకు వాఙ్మయమున సాక్ష్యములు గలవు. ప్రతాపరుద్రుని యాదరమునకు పాత్రురాలైన మాచల్దేవి చిత్రశాలాప్రవేశము క్రీడాభిరామమున వర్ణింపబడినది. ఓరుగంట చిత్తరువులు వ్రాయువారి యిండ్లు 1500 ఉండెనని ఏకామ్రనాథుని ప్రతాపచరిత్రము చెప్పుచున్నది. ఈ సంఖ్య యతిశయోక్తి యైనను గావచ్చును. ఆ వృత్తి పలువురకు జీవనాధారమై యుండెననుట మాత్రము గ్రాహ్యము.

1323లో ఓరుగల్లు ఢిల్లీ సుల్తానుల వశమయ్యెను. ఆనాటి రాజగృహములు నేడు లేవు. గోడ కూలిన పిదప చిత్రము నిలువదు గదా! కావున ఆ కళకు ప్రత్యక్షసాక్ష్యమును ఱాతిగుడులలోనే వెదకవలసియున్నది.

అట్టి సాక్ష్యము పిల్లలమఱ్ఱిలో గలదు. ఈ గ్రామము 2016 వఱకు నల్లగొండమండలములోనిది. పిదప సూర్యాపేటమండలమున జేరినది. ఇది రేచెర్ల రెడ్డిసామంతుల స్థానము. ఇచటి శాసనములలో నొకటి శా.శ. 1117 (క్రీ.శ. 1195) నాటిది, మఱియొకటి శా.శ. 1130 (క్రీ.శ. 1208) నాటిది. నామిరెడ్డి పేర వెలసిన నామేశ్వరాలయమున క్షీరసాగరమథనమును దెలుపు వర్ణచిత్రము శిథిలమై మిగిలియున్నది. విద్వాంసులు దీనిని కాకతీయచిత్రకళకు నుదాహరణముగా గ్రహించిరి. అయినను శాసనము గుడికాలమును దెలుపునుగాని చిత్రకాలమును దెలుపదు. పూతల వరుసను, వర్ణద్రవ్యములను, రేఖారీతిని పరీక్షించియే కాలనిర్ణయమును దృఢపఱచుకొనవలెను.

కాకతీయులు తొలుత కల్యాణి చాళుక్యులకు సామంతులు. ఆ వంశమువాడైన మూడవ సోమేశ్వరుని అభిలషితార్థచింతామణి భిత్తిచిత్రవిధానమును వివరించుచున్నది. మహిషచర్మమును నీట నుడికించి వజ్రలేపము చేయవలెను. దానిని తెల్లమట్టితో గలిపి గోడకు బూయవలెను. గైరికము, హరితాళము, కాటుక మున్నగువానితో వర్ణములు గూర్పవలెను. ఇట్టి జిగురుతో నిలిచిన రంగునకు నీరే ప్రథమశత్రువు. మసి వదలునని గోడను గడిగినచో మసితోపాటు చిత్రమును బోవును.

జీర్ణోద్ధారము పుణ్యకార్యమనుటలో సందేహము లేదు. కాని గోడకు సున్నము వేయుటయు, వెలసిన రేఖలపై క్రొత్తరంగు పూయుటయు చిత్రమునకు జీర్ణోద్ధారములు గావు. తాళపత్రమున శిథిలమైన చోట పరిష్కర్త చుక్కలుంచి విడుచునే గాని, తన పద్యమును జొప్పించి ప్రాచీనకవి పేర బ్రకటింపడు. చిత్రమునందును ఇదియే న్యాయము. మొదట యథాతథమైన ప్రతికృతిని దీయవలెను. పిదప నీటికారును మాన్పవలెను. ఊడుచున్న పూతను గోడకు నిలుపవలెను. పోయినది పోయినట్లే కనబడవలెను. అప్పుడే మిగిలిన రేఖ సాక్ష్యమై నిలుచును.