మన ముందు గది కాఫీ అంగడి, లోకంలోని కాఫీ అంగళ్లు



పోయిన నెల కమిటీ సమావేశంలో జరిగిన గొడవ మీకందరికీ తెలుసు. మన కట్టడం ముందు గదిలో ఫిల్టర్ కాఫీ, బన్ను, వడ అమ్ముతున్న పెద్దాయనను ఖాళీ చేయమని చెప్పి, ఒక చైన్ కాఫీ కంపెనీకి ఇవ్వాలా వద్దా అన్నది మాట. కంపెనీ ఇస్తానన్న అద్దె ఇప్పటిదానికి మూడింతలు. చిన్నవాళ్లు ఒక పక్క, ముసలివాళ్లం ఒక పక్క అరుచుకున్నాం. నేనూ అరిచాను, దాచేదేముంది. ఇంటికొచ్చాక చూస్తే ఈ తగాదా మన ఊళ్లో పుట్టింది కాదు, నూటయాభై ఏళ్లుగా దేశదేశాల్లో నడుస్తున్నదే. తెలిసినంత రాస్తున్నాను. కొంచెం పొడుగు, ఓపిక పట్టండి.

చైన్ షాపు అనగానే మనకు అమెరికా గుర్తొస్తుంది. అసలు మొదలు లండన్‌లో, అదీ ఒక రైల్వే స్టేషన్‌లో. ఎయిరేటెడ్ బ్రెడ్ కంపెనీ అని 1862లో ఒక డాక్టరు పెట్టాడు. ఈస్టు వేయకుండా పిండిలోకి గ్యాసు ఎక్కించి రొట్టె పొంగించడం వాళ్ల పద్ధతి. 1864లో ఫెన్‌చర్చ్ స్ట్రీట్ స్టేషన్ ఆవరణలో ఆ కంపెనీ వాళ్లది మొదటి టీ అంగడి లేచింది. తరవాత ఊరంతా బ్రాంచీలు. ఆ రోజుల్లో మగతోడు లేకుండా ఆడవాళ్లు కూర్చుని ఒక కప్పు టీ తాగే మర్యాదైన చోటు లండన్‌లో బహు తక్కువ. ఆ కొరత తీర్చింది ఈ బ్రాంచీల కంపెనీలే. చైన్ షాపులను తిట్టే ముందు ఇది గుర్తు పెట్టుకోవాలి.

దాని వెనకే జె. లయన్స్ కంపెనీ 1894లో పికడిల్లీలో మొదటి టీషాపు తెరిచింది. తెల్ల గోడ, బంగారు అక్షరాలు, ఏ వీధిలో దూరినా అదే టీ. పెరిగి పెరిగి రెండు వందలు దాటాయి. ఇక్కడ ఒక గుమాస్తాగా నాకు నోరూరించే సంగతి ఉంది. వందల అంగళ్లు, రోజూ లక్షల చిన్న బిల్లులు. ఒక బన్ను మీద వచ్చే లాభం కన్నా దాని లెక్క రాసే గుమాస్తా జీతం ఎక్కువైతే కంపెనీ మునుగుతుంది కదా! అందుకని వాళ్లు సొంతంగా కంప్యూటరే కట్టారు. పేరు లియో. (మన మద్రాసు లియో కాఫీకీ దీనికీ ఏ సంబంధమూ లేదు.) 1951లో అది చేసిన మొదటి ఆఫీసు పని బేకరీ సరుకుల విలువ కట్టడం. వ్యాపార లెక్కలకు లోకంలో మొదట వాడిన కంప్యూటరు, బ్యాంకుది కాదు, సర్కారుది కాదు, రొట్టెల అంగడిది. ఆ తరవాత బ్రిటిష్ రైల్వే సరుకు స్టేషన్ల మధ్య దూరాలు లెక్కగట్టే పని కూడా దానికే ఇచ్చారు. పార్సిల్ ఆఫీసులో దూరం పట్టిక వేలితో వెతికి రేటు కట్టినవాడికే ఆ పని బరువు తెలుస్తుంది.

ఇంత తెలివిగల కంపెనీ ఏమైంది? కార్నర్ హౌస్ అని పేరున్న వాళ్ల పెద్ద ఓటళ్లలో చివరిది 1977లో మూతపడింది. అప్పులు చేసి మిగతా వ్యాపారాలు కొని, ఆ అప్పు మోయలేక 1978లో కంపెనీయే ఒక సారాయి కంపెనీ చేతికి పోయింది. టీ బాగాలేక కాదు.

ఫ్రాన్సు దారి వేరు. అక్కడ 1998లో చట్టం చేశారు. పిండి కలపడం, పొంగించడం, కాల్చడం అమ్మేచోటే జరిగితేనే బోర్డు మీద బూలాంజెరీ, అంటే రొట్టె అంగడి, అని రాసుకోవాలి. ఫ్యాక్టరీ నుంచి గడ్డకట్టిన పిండి తెచ్చి కాల్చి ఇచ్చేవాడు వ్యాపారం చేసుకోవచ్చు, ఆ పేరు మాత్రం పెట్టుకోకూడదు. పోటీని ఆపలేదు, అబద్ధాన్ని ఆపారు. నాకు నచ్చింది.

ఇక స్టార్‌బక్స్. 1971లో సియాటిల్‌లో గింజలు అమ్మే అంగడిగా మొదలైంది. దాన్ని కాఫీ ఓటలుగా మార్చాలన్న ఊహ హోవర్డ్ షుల్ట్జ్‌కు 1983లో ఇటలీలోని మిలాన్ వెళ్లినప్పుడు పుట్టింది. అక్కడ వీధికొక చిన్న బార్, నిలబడి రెండు గుక్కల్లో తాగి పోతారు, కూర్చుంటే రేటు ఎక్కువ. (మన ఏసీ హాలు రేటు లాంటిదే.) ఎక్కడ నేర్చుకున్నారో ఆ ఇటలీలో అడుగుపెట్టడానికి వాళ్లకు 2018 దాకా పట్టింది. ఆస్ట్రేలియాలో ఇంకా వినోదం. యుద్ధం తరవాత వలసవచ్చిన ఇటలీవాళ్లు, గ్రీకులు ఆ దేశానికి ముందే మంచి కాఫీ అలవాటు చేశారు. 2000లో స్టార్‌బక్స్ వెళ్లి గబగబా 84 అంగళ్లు తెరిచింది, 2008లో 61 మూసింది. మన కుంభకోణానికి వచ్చి కాఫీ నేర్పిస్తామన్నట్టు.

ఇది చదివి మా ముసలి గుంపువాళ్లు చప్పట్లు కొట్టకండి. మన చిన్న అంగళ్ల చరిత్ర అంత తెల్లగా లేదు. నేను చదువుకున్నది తమిళ మీడియం కాబట్టి ఎ.ఆర్. వేంకటాచలపతి రాసిన 'అంద కాలత్తిల్ కాప్పి ఇల్లై' తమిళంలోనే చదివాను. కాఫీ వచ్చిన కొత్తలో, పొద్దున చద్దన్నం పోయి ఈ నల్లనీళ్లు వచ్చాయని పెద్దలు ఏడ్చారట. ఆ తరవాత అదే కాఫీ పెద్దకులం మర్యాదకు గుర్తైంది, కూలివాడికి టీ. కాఫీ క్లబ్బుల్లో, మా రైల్వే స్టేషన్ల భోజనశాలల్లోనూ బ్రాహ్మణులకు ఒక చోటు, ఇతరులకు ఒక చోటు ఉండేది. 1957లో కూడా తిరువల్లిక్కేణిలో ఒక ఓటలు బోర్డు మీది 'బ్రాహ్మణ' అన్న మాట చెరపాలని పెరియార్ మనుషులు పోరాటం చేయాల్సి వచ్చింది. సొంత అంగడి యజమాని ఎవరిని లోపలికి రానిస్తాడన్నది అతని ఇష్టం. కంపెనీకి డబ్బు చాలు. ఈ ఒక్క విషయంలో కంపెనీ మేలు.

అదే 1957లో ఇంకొకటి జరిగింది. కాఫీ బోర్డు తన ఇండియా కాఫీ హౌస్‌లను మూసేసి పనివాళ్లను వీధిన పడేసింది. ఎ.కె. గోపాలన్ వాళ్లతో సహకార సంఘాలు కట్టించాడు. మొదటి సంఘం ఆగస్టులో బెంగళూరులో, మొదటి ఇండియన్ కాఫీ హౌస్ అక్టోబరులో ఢిల్లీలో. తలపాగా కట్టి కాఫీ తెచ్చే మనిషే యజమాని. ఊరూరా బ్రాంచీలున్నాయి, చైన్ కాదు. బెంగళూరు అయ్యంగార్ బేకరీలు మరో రకం. హాసన్ వైపు నుంచి వచ్చిన కుటుంబాలు, ప్రతి వీధిలో అదే బోర్డు, అదే కారా బన్ను, వెనక కంపెనీ ఏదీ లేదు. మన హైవేల మీది కుంభకోణం డిగ్రీ కాఫీ బోర్డులూ అంతే, ఇత్తడి డబరా పెట్టినవాడిదల్లా కుంభకోణమే.

ఇన్ని చూశాక నాకు తోచింది ఒకటి. అంగడి బతకడం చావడం చాలాసార్లు కాఫీ చేతిలో లేదు, స్థలం ఎవరిదో వాళ్ల చేతిలో ఉంది. మద్రాసులో ఉడ్‌ల్యాండ్స్ డ్రైవ్-ఇన్ 1962 నుంచి నడిచింది, రోజంతా కిటకిట. 2008లో ప్రభుత్వం స్థలం వెనక్కి తీసుకుంది, మూతపడింది. గిరాకీ లేకనా?

మన ముందు గది విషయంలో ఆ స్థలం మనది. అందుకే భారం కూడా మనదే. పెద్దాయన తెల్లవారుజామున నాలుగున్నరకు పాలు కాస్తాడు, మార్కెట్టు కూలివాళ్లు, మన పూజారి, మునిసిపాలిటీ ఊడ్చే అమ్మలు ఒకే బెంచి మీద తాగుతారు. నిజమే. అతను తొమ్మిదేళ్లుగా అద్దె పెంచనివ్వలేదు, వెనక మోరీ కడగడు, అదీ నిజమే. మూడింతల అద్దె వస్తే పిల్లల తెలుగు తరగతికి ఒక పంతులుకు జీతం ఇవ్వొచ్చు, నాలా ముప్పై ఏళ్లు దాటాక అక్షరాలు దిద్దుకునే గతి వాళ్లకు ఉండదు. ఇది నన్ను నిద్రపోనివ్వడం లేదు.

నేను అడిగేది ఇది. అద్దె ఒకటిన్నర రెట్లకు ఒప్పుకుని మోరీ బాగుచేసుకుంటాడా అని పెద్దాయనను కూర్చోబెట్టి అడుగుదాం, ఇంతవరకూ ఎవరూ అడగలేదు. కంపెనీ ఒప్పందంలో, మూడేళ్ల ముందే ఖాళీ చేసి పోతే మనకు ఏమిస్తారన్న కాలం ఖాళీగా ఉంది, అది నింపించి చూద్దాం. రెండు కాగితాలూ ఆఫీసు బీరువాలో పై అరలో ఉన్నాయి. ఆదివారం పది గంటలకు సమావేశం. చదివి రండి, కాఫీ పెద్దాయన దగ్గరనుంచే తెప్పిస్తాను, డబ్బు నాది.